గిన్నె తిరగేసి చూడండి

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్లు "పాత వెండి గురించి మాట్లాడండి" అన్నారు. వెండి అంటే పట్టీల దగ్గర్నుంచి పల్లకీల దాకా ఉంది. అదంతా ఎత్తుకుంటే మీకు రాత్రి భోజనం కూడా ఇక్కడే పెట్టాలి. అందుకని గిన్నెల దగ్గరే ఆగుతాను. గిన్నె ప్రతి ఇంట్లో ఉంటుంది, చేతిలో పడుతుంది, కొనాలన్నా మరీ కొండెక్కి కూర్చోదు. కూర్చోదు అని ఇదివరకు ధైర్యంగా చెప్పేవాణ్ని. కిలో లక్ష దాటాక కొంచెం గొంతు తగ్గించి చెబుతున్నాను.

మన ఇళ్లలో వెండికి జరిగే పెద్ద అన్యాయం ఏమిటంటే, దాన్ని తూకంతోనే చూస్తాం. అమ్మాయి పెళ్లి కుదిరింది, బీరువాలో నాలుగు పాత గిన్నెలున్నాయి, సొట్టలు పడ్డాయి, నల్లబడ్డాయి. షాపుకి తీసుకెళ్తాం. ఆయన కాటాలో వేస్తాడు, తరుగు తీస్తాడు, కొత్త డిన్నర్ సెట్టులో సర్దేస్తాడు. ఆ నాలుగు గిన్నెల్ని ఎవరూ తిరగేసి చూడరు. సాయంత్రానికి కరిగిపోతాయి. షాపాయన తప్పు కూడా కాదు, ఆయన వ్యాపారం లోహంతో. ఇది మన ఒక్కళ్ల జబ్బూ కాదు. 1980 జనవరిలో అమెరికాలో హంట్ సోదరులు వెండి కొని కొని ధరను ఔన్సు 50 డాలర్ల దాకా ఎక్కించినప్పుడు, ఇంగ్లండులో, అమెరికాలో జనం తాతలనాటి వెండిని మూటలు కట్టి తెచ్చి కరగబెట్టించారు. మార్చి నెలాఖరుకి ధర కుప్పకూలింది. కరిగినవి కరిగిపోయాయి.

కాటా లోహాన్ని మాత్రమే చూస్తుంది. చేసినవాడి పనితనం, చేసిన ఊరు, వాడిన ఇల్లు కాటాకి తెలియవు. వాటిని చదవడం ఎలాగో చెప్పడానికే వచ్చాను. చాలా వరకు గిన్నె అడుగునే రాసి ఉంటుంది.

ముందు ఇంగ్లండు గిన్నెతో మొదలుపెడతాను. చదవడం తేలిక కాబట్టి. అక్కడ వెండి వస్తువు అమ్మాలంటే పరీక్షించి ముద్ర వేయించాలనే చట్టం 1300లో వచ్చింది. చిరుతపులి తల ముద్ర అప్పటిది. నడుస్తున్న సింహం బొమ్మ ఉంటే వెయ్యికి 925 పాళ్లు శుద్ధమైన వెండి, అంటే స్టెర్లింగ్. ఆ సింహం 1544 నుంచి ఉంది. లంగరు ఉంటే బర్మింగ్‌హామ్, కోట ఉంటే ఎడిన్‌బరా, వీణలాంటి హార్ప్ ఉంటే డబ్లిన్. బర్మింగ్‌హామ్‌లో సముద్రం లేదే, లంగరు ఎందుకని అడక్కండి. 1773లో ఆ ఊరికీ షెఫీల్డుకీ ఒకేసారి పరీక్షా కేంద్రాలిచ్చారు. ఒకరికి లంగరు, ఇంకొకరికి కిరీటం వచ్చాయి. షెఫీల్డు కిరీటం 1974 దాకా నడిచి, తర్వాత గులాబీ అయింది.

వీటి పక్కన ఒక అక్షరం ఉంటుంది. అది సంవత్సరం. ఏటా అక్షరం మారుతుంది, అక్షరమాల అయిపోతే అక్షరాల తీరూ గడి ఆకారమూ మార్చి మళ్లీ మొదలుపెడతారు. పట్టికలు ఫోన్‌లో దొరుకుతాయి. అయిదో ముద్రగా రాజు తలో రాణి తలో కనిపిస్తే అది 1784 నుంచి 1890 మధ్య పన్ను కట్టిన సరుకు. అంటే పట్టిక తెరవకుండానే సుమారు నూరేళ్ల పరిధిలోకి వచ్చేశాం. అయిదు చిన్న ముద్రల్లో శుద్ధత, ఊరు, సంవత్సరం, పన్ను, చేసినవాడి పేరు. ఇంత పద్ధతిగా తన జాతకం తానే మోసుకు తిరిగే వస్తువు ఇంకోటి నాకు తెలీదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇక్కడ అలాంటి చట్టమే లేదు. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వెండి హాల్‌మార్క్ 2005లో మొదలైంది, అదీ ఇష్టమున్నవాళ్లకే. కాబట్టి పాత భారతీయ గిన్నె అడుగున ముద్ర లేకపోతే నకిలీ అనుకోవద్దు. ముద్రలున్నవి కొన్ని ఉన్నాయి. కలకత్తా హామిల్టన్ కంపెనీ, మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్, ఇవి దొరలు పెట్టిన దుకాణాలు, ఇంగ్లండు అలవాటుతో ముద్ర వేసేవి. కచ్ భుజ్‌లో ఊమర్సీ మావ్‌జీ అని గొప్ప పనివాడు ఉండేవాడు, 19వ శతాబ్దం రెండో సగంలో. 'ఓ.ఎం. భుజ్' అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టేవాడు. ఆ అక్షరాలున్న గిన్నె వేలంలో లోహం ధరకి ఎన్నో రెట్లు పలుకుతుంది. అందుకే ఆ అక్షరాలు ఈమధ్య కొట్టినవి కూడా తిరుగుతుంటాయి.

ముద్ర లేని చోట నగిషీ ఊరు చెబుతుంది. కచ్ పనిలో ఖాళీ జాగా ఉండదు, లతలు మెలికలు తిరుగుతుంటాయి, వాటి మధ్య జంతువులు దాక్కుంటాయి. కాశ్మీరు గిన్నె మీద చినార్ ఆకు, శాలువా అంచుల మీది మామిడిపిందె. లక్నో గిన్నె మీద ఈతచెట్లు, వేట. కలకత్తా భవానీపూర్ గిన్నె మీద పల్లెటూరు: పూరిళ్లు, ఎడ్లు, నీళ్లు మోసే ఆడవాళ్లు. మద్రాసు పని మీద దేవుళ్లు. దాన్ని దొరలు 'స్వామి వెండి' అన్నారు. 1875లో వేల్స్ యువరాజు మన దేశం వచ్చినప్పుడు ఆ తరహా పనికి బాగా గిరాకీ పెరిగింది. దేవుడి బొమ్మలున్న టీ సెట్టులో టీ తాగడం మనకి ఎబ్బెట్టుగా ఉంటుంది కానీ, వాళ్లకి అది అలంకారం. చూపుకి దక్షిణాది శిల్పం, వాడకానికి ఇంగ్లండు బల్ల. నాకు ఆ సరుకు మీద గౌరవం ఉంది, ప్రేమ లేదు.

నా ప్రేమంతా సాదా గిన్నెల మీద. మన ఊళ్ల కంసాలి చేసిన పెరుగు గిన్నె, గంధం గిన్నె, ముక్కున్న ఉగ్గుగిన్నె. ముద్ర లేదు, బొమ్మ లేదు. వీటిని ఎలా చదవాలి?

మొదటిది తూకం. నవ్వకండి, తూకం వద్దని ఇందాక అన్నది నేనే. లోహం కోసం కాదు, కొలత కోసం తూచండి. పాత తులం అంటే 180 గ్రెయిన్లు, 11.66 గ్రాములు. 1835 నుంచి ఈస్టిండియా కంపెనీ వెండి రూపాయి బరువు కూడా అంతే. ఇప్పటి షాపుల్లో తులం అంటే పది గ్రాములు. మీ గిన్నె 233 గ్రాములు తూగిందనుకోండి, అది విచిత్రమైన అంకెలా కనిపిస్తుంది. పాత లెక్కలో చూస్తే సరిగ్గా 20 తులాలు. ఎవరో కంసాలికి ఇరవై రూపాయలిచ్చి గిన్నె చెయ్యమన్నారు. రూపాయి అంటే కూలీ కాదు, ముడిసరుకు. నాణేలు కరిగించి వస్తువు చేయించుకోవడం అప్పట్లో మామూలు. జైపూర్ సిటీ ప్యాలెస్‌లో దాదాపు మనిషెత్తు గంగాజలం బిందెలు రెండున్నాయి, చూసే ఉంటారు. 1902లో ఇంగ్లండు రాజు ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెళ్తూ సవాయ్ మాధోసింగ్ మహారాజు గంగనీళ్లు తీసుకెళ్లినవి. ఒక్కోటి వందల కిలోలు. వేల కొద్దీ వెండి నాణేలు కరిగించి, అతుకు లేకుండా చేశారు. మన ఇరవై రూపాయల గిన్నె ఆ బిందెకి చిన్న చెల్లెలు.

నాణెం మాట వచ్చింది కాబట్టి శుద్ధత సంగతి. బ్రిటిష్ రూపాయిలో వెండి వెయ్యికి 917 పాళ్లు. నిజాం హాలీ సిక్కా రూపాయి కొంచెం తేలిక, 11.18 గ్రాములు, వెండి 818 పాళ్లు. అంటే తెలంగాణలో పాత గిన్నెని ఈనాటి ఎక్స్‌రే మిషన్ కింద పెడితే 82 శాతం అని రావచ్చు. షాపులో "కల్తీ సరుకండీ" అని పెదవి విరుస్తారు. కల్తీ కాకపోవచ్చు, హాలీ రూపాయలు కరిగించినదై ఉండొచ్చు. 1940 నుంచి బ్రిటిష్ రూపాయిలోనూ వెండి సగానికి పడిపోయింది, 1947కి నికెల్ అయిపోయింది. ఆ తర్వాత ఇంట్లో రూపాయిలు ఇచ్చి గిన్నె చేయించుకునే వీలే పోయింది. ముద్ర లేని గిన్నెకి ఈ శాతాలే కొంతవరకు ముద్ర. ఒక్క అంకె చూసి తీర్పు చెప్పలేం కానీ, తులాల లెక్కా శాతమూ రెండూ కలిస్తే ధైర్యంగా ఒక మాట అనొచ్చు.

రెండోది పేర్లు. మనవాళ్లు గిన్నె కొంటే పేరు కొట్టించకుండా ఊరుకోరు. చుక్కలు చుక్కలుగా ఇంటిపేరు, పొడి అక్షరాలు, ఊరు, ఒక్కోసారి తేదీ. పాశ్చాత్య దేశాల్లో పొడి అక్షరాలుంటే వెల తగ్గుతుంది, అందుకని అరగదీసి చెరిపేస్తారు. చెరిపిన చోట రేకు పలచబడి, వేలితో నొక్కితే కొంచెం లొంగుతుంది. దయచేసి మీరు మాత్రం చెరిపించకండి. ముద్ర లేని మన గిన్నెకి ఆ పేరే జాతకం. తెలుగు సంవత్సరం ఉంటే ఇంకా సరదా. 'దుర్మతి' అని ఉందనుకోండి. అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది కాబట్టి అది 1861–62 కావచ్చు, 1921–22 కావచ్చు, 1981–82 కూడా కావచ్చు. మిగతా పని అక్షరాల తీరు, తులాల లెక్క, చేసిన విధానం చూసి మీరు తేల్చుకోవాలి. శకటరేఫ (బండి ఱ) లాంటి పాత రాత కనిపిస్తే కొంచెం వెనక్కి జరగొచ్చు.

మూడోది సుత్తిదెబ్బలు. చేత్తో చేసే గిన్నె వెండి బిళ్లని కాల్చి, సుత్తితో సాగగొట్టి, మళ్లీ కాల్చి మళ్లీ సాగగొట్టి లేపుతారు. దాన్ని వెలుతురులో వాలుగా పెట్టి చూస్తే లోపల మసకమసకగా దెబ్బల గుర్తులు కనిపిస్తాయి, అంచు మందం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. లేతు మీద తిప్పినదానికి చుట్టూ సన్నని వలయాలుంటాయి. ప్రెస్సులో కొట్టినది అంతటా ఒకే రేకు. బొమ్మలున్న గిన్నె అయితే లోపల వేలు పెట్టి తడమండి. లోపలి నుంచి ఉబ్బించిన పని అయితే బయట గుట్ట ఉన్న చోట లోపల గుంట ఉంటుంది. పోతపోసినది లోపల నున్నగా ఉండి, చేతికి బరువుగా తగులుతుంది.

ఆ ఉబ్బెత్తు పని శిఖరానికి చేరింది బర్మాలో. ఇక్కడ కాసేపు ఆగుతాను. ఎందుకంటే ఈ గిన్నెలకీ మనకీ మధ్య సముద్రమే అడ్డం. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగం, అక్కడా మన రూపాయే చెల్లేది, వెండిపనికి ఆ రూపాయిలే కరిగేవి. 1930ల మొదట్లో రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. వాళ్లలో తెలుగువాళ్లు లెక్కకి మిక్కిలి. కోరంగి రేవు పేరు మీద మనవాళ్లని 'కొరంగీ'లనేవారు. ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో 'రంగం వెళ్లిన', అంటే రంగూన్ వెళ్లిన, తాత లేని వంశాన్ని వెతకాలి.

బర్మా గిన్నె ఆకారం బౌద్ధ భిక్షువు భిక్షాపాత్ర నుంచి వచ్చింది. కింద గుండ్రన, భుజం దగ్గర కొంచెం లోపలికి. పైనా కిందా తామరరేకుల పట్టీలు, మధ్యలో చుట్టూ కథ. జాతక కథలు, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథలు, ఎక్కువ, రామాయణమూ ఉంటుంది. మనుషులు రేకు మీంచి దాదాపు లేచి నిలబడతారు. చేతులు, కిరీటాలు, గొడుగులు. గిన్నె నెమ్మదిగా తిప్పుతూ పోతే కథ నడుస్తుంది. అడుగు తిరగేస్తే చాలా వాటికి ఒక జంతువు బొమ్మ ఉంటుంది, నెమలో, ఏనుగో, సింహమో. అది చేసిన దుకాణం గుర్తు. పైన ఇంత నగిషీ చెక్కి, ఎవరూ చూడని అడుగున అంత అందమైన నెమలిని ఎందుకు గీసేవారో నాకైతే అబ్బురమే.

ఇవి తెలుగుదేశంలో అప్పుడప్పుడు బయటపడతాయి. అమ్మేవాడు మాత్రం తప్పకుండా ఒక కథ చెబుతాడు: 1942లో జపాన్ బాంబులు పడుతుంటే మా తాత దీన్ని నెత్తిన పెట్టుకుని అడవుల్లో నడిచొచ్చాడు అని. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డది నిజం. ఆ తర్వాత లక్షల మంది కాలినడకన బయల్దేరిందీ, దారిలో వేలమంది పోయిందీ నిజం. ఆ నడకలో బియ్యం మూట మోయడమే కష్టమైంది. వచ్చిన గిన్నెల్లో ఎక్కువ భాగం అంతకుముందు మంచి రోజుల్లో, స్టీమర్లో, పెట్టెలో సర్దుకుని వచ్చినవే అయ్యుంటాయి. కథకి డబ్బులు కట్టకండి. గిన్నెకి కట్టండి.

అమెరికా నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి వాళ్లకో మాట. అక్కడ ఎస్టేట్ సేల్స్‌లో, అంటే పోయినవాళ్ల ఇంటి సామాను అమ్మేచోట, 'రివీర్ బౌల్' అని కింద చిన్న పాదం, పైన కొంచెం బయటికి విచ్చుకున్న అంచు ఉన్న గిన్నె తెగ కనిపిస్తుంది. దాని తల్లి 1768లో బోస్టన్ కంసాలి పాల్ రివీర్ చేసిన లిబర్టీ బౌల్. ఇంగ్లండు ఆజ్ఞకి తలవంచని 92 మంది శాసనసభ్యుల గౌరవార్థం చేసింది, ఇప్పుడు బోస్టన్ మ్యూజియంలో ఉంది. మీకు దొరికేవి దాని వందో తరం పిల్లలు. అడుగున 'స్టెర్లింగ్' అని పూర్తిగా రాసి ఉంటే వెండి. 'ఈ.పీ.ఎన్.ఎస్.' అని ఉంటే వేరే లోహం మీద వెండి పూత. ఆ అక్షరాలు వెండిముద్రల్లా గడుల్లో కొట్టి ఉంటాయి, తొందరలో మోసపోతారు.

పూత అంటే గుర్తొచ్చింది, జర్మన్ సిల్వర్. ఇప్పుడు గృహప్రవేశాల్లో రిటర్న్ గిఫ్టులన్నీ అవే. అందులో రాగి, నికెల్, జింకు ఉంటాయి, వెండి చుక్క కూడా ఉండదు. చూడటానికి బాగుంటే వాడుకోండి, పాత వెండి పేరుతో మాత్రం కొనకండి. ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి ఒకటుంది. కిచెన్ కాటా మీద నీళ్లున్న పాత్ర పెట్టి, సున్నా చెయ్యండి. గిన్నెని దారానికి కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగుకీ పక్కలకీ తగలకుండా, లోపల గాలి లేకుండా నీళ్లలో వేలాడదీయండి. కాటా ఒక అంకె చూపిస్తుంది. గిన్నె బరువుని ఆ అంకెతో భాగించండి. స్టెర్లింగ్ అయితే పదికి కొంచెం పైన వస్తుంది, జర్మన్ సిల్వర్ అయితే ఎనిమిదిన్నర ప్రాంతంలో ఆగుతుంది. 310 గ్రాముల గిన్నెకి కాటా 30 చూపిస్తే సంతోషించండి, 36 చూపిస్తే అమ్మినవాడికి ఫోన్ చెయ్యండి. లోపల లక్కో మైనమో నింపినవాటికి ఈ లెక్క పనికిరాదు. యాసిడ్ చుక్క వేయనివ్వకండి, మచ్చ ఉండిపోతుంది.

ఇంకో మోసం. విరిగిన పాత చెంచా మీది అసలు ముద్రని కోసి, కొత్త గిన్నె అడుగున అతికిస్తారు. దానికి మందు మీ ఊపిరే. ముద్ర చుట్టూ నోటితో వెచ్చగా ఊదండి. ఆవిరి పట్టినప్పుడు అతుకు గీత బయటపడుతుంది.

ఇక శుభ్రం చెయ్యడం. గాలిలోని గంధకం వాయువుల వల్ల వెండి మీద నల్లటి పొర కడుతుంది. దాన్ని తోమిన ప్రతిసారీ వెండి కూడా కొంచెం పోతుంది. అందుకే పాత గిన్నెల మీది బొమ్మలకి ముక్కులుండవు. టూత్‌పేస్టు, గిన్నెలు తోమే పౌడరు, స్టీలు పీచు, ఈ మూడూ దాని దగ్గరికి రానివ్వద్దు. సాదా గిన్నెకి పలచటి కుంకుడుకాయ రసం, మెత్తటి బట్ట చాలు. మరీ నల్లబడితే జల్లించిన మెత్తటి విబూది, అదీ ఏడాదికోసారి. అల్యూమినియం ఫాయిలు, వంటసోడా, వేడినీళ్ల చిట్కా యూట్యూబ్‌లో చూశాం సార్ అంటారు. సాదా గిన్నెకైతే పర్లేదు. నగిషీ ఉన్నదాన్ని అందులో ముంచితే పల్లాల్లో ఉన్న నలుపు కూడా పోయి, బొమ్మలన్నీ పాలిపోతాయి. ఆ నలుపు మురికి కాదు, బొమ్మకి నీడ.

గుడ్డు, ఊరగాయ వెండిలో పెట్టకండి. ఉప్పు మిగిలిపోతే గుంటలు పడతాయి. పరమాన్నం పెట్టుకోండి, పెరుగన్నం తినండి, తిన్నవెంటనే కడిగి తుడవండి. వాడే గిన్నె బీరువాలో ఉన్నదానికన్నా మెరుస్తుంది. ఒక్క జాగ్రత్త, బూడిదరంగు ముద్దలా సీసం అతుకు కనిపిస్తే అందులో ఏమీ తినొద్దు. దాచేటప్పుడు పాత నూలు పంచె ముక్కలో చుట్టండి. రబ్బరు బ్యాండు వేశారో, దాని గీత జన్మంతా ఉంటుంది.

చివర్లో చట్టం గురించి అడుగుతారని తెలుసు, ఇందాకే ఒకావిడ చీటీ పంపారు: "మా నానమ్మ గిన్నెలు డాలస్ తీసుకెళ్లొచ్చా?" అని. 1972లో పురావస్తువుల చట్టం వచ్చింది, 1976 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం నూరేళ్లు నిండిన కళావస్తువులు, చేతిపని వస్తువులు పురావస్తువుల కింద వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు, సొంత నానమ్మదైనా సరే. వయసు అంతకంటే తక్కువని మీ నమ్మకమైతే, పురావస్తు శాఖ వాళ్లకి చూపించి, ఇది పురావస్తువు కాదని ధ్రువపత్రం తీసుకుని వెళ్లండి. ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడేకన్నా అది నయం. అమ్మా, మీ గిన్నె మీద పేరూ ఏడాదీ కొట్టించి ఉన్నాయా? ఉన్నాయా! అయితే మీ కేసు అక్కడే తేలిపోయింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కడ కొనాలంటే, వేలం పాటల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. మీకు తెలిసిన వెండి షాపులో ఎక్స్ఛేంజికి వచ్చిన పాత సామాను కరిగించే ముందు ఒక్కసారి చూపించమని అడగండి. లోహం ధరకి కాస్త పైన ఇస్తే సంతోషంగా ఇచ్చేస్తారు. ఒకే రకం పట్టుకోండి, ఉగ్గుగిన్నెలైతే ఉగ్గుగిన్నెలే. నాలుగు పోగయ్యేసరికి అయిదోదాని తేడా మీ వేళ్లకే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ బల్ల మీద ఏడెనిమిది గిన్నెలు పెట్టాం. అందులో ఒకటి జర్మన్ సిల్వర్, ఏదో నేను చెప్పను. కాటా, నీళ్ల పాత్ర, దారం పక్కనే ఉన్నాయి. ఉంగరాలు తీసేసి రండి, గీతలు పడతాయి. అంచు పట్టుకుని ఎత్తొద్దు, కింద చెయ్యి వేసి ఎత్తండి. ముందు వరుసవాళ్లు ముందు.